వైజాగ్ – హైదరాబాద్ ఫ్లైట్: వెళ్లడానికి 1:25, రావడానికి 1:10. దూరం ఒకటే కదా?

కంచరపాలెం_కిట్టు
డిసెంబరులో నాన్నని హైదరాబాద్‌లో చెల్లి దగ్గరికి పంపుతున్నాను. విమానం ఎక్కడం ఆయనకి ఇదే మొదలు. టికెట్ ప్రింటు చేతిలో పెడితే సంతోషిస్తారనుకున్నా. పోర్టులో ముప్పై రెండేళ్లు లెక్కలు చూసిన మనిషి కదా, కళ్లజోడు సర్దుకుని "వెళ్లడానికి గంటా పాతిక నిమిషాలు, రావడానికి గంటా పది నిమిషాలు. మధ్యలో పావుగంట ఎవడు తిన్నాడు?" అన్నారు.
సమాధానం కోసం నెట్‌లో వెతికితే ఇంకో తలనొప్పి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఒకచోట 511, ఒకచోట 317, ఇంకోచోట 276. రోడ్డు మీద చూస్తే 620 దాకా చూపిస్తోంది. సరే, 511 అనే అనుకుందాం. గంటకి 800 పోయే విమానం 40 నిమిషాల్లో దిగిపోవాలి. మిగతా ముప్పావు గంట ఎక్కడ తిరుగుతున్నట్టు? తెలిసినవాళ్లు చెప్పండి, నాన్న రోజుకి రెండుసార్లు అడుగుతున్నారు.

లెక్కల_లక్ష్మి
511, 317, 276 మూడూ ఒకటే దూరం. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. 276ని దాంతో గుణించి చూడండి, 511 వస్తుంది. పోర్టులో చేసిన మీ నాన్నగారికి నాటికల్ మైలు గురించి మనం చెప్పాలా?

కంచరపాలెం_కిట్టు
అడిగా. "అది ఓడలకి కదరా, విమానానికి ఎందుకు పెట్టారు" అంటున్నారు. ఇప్పుడు రెండు ప్రశ్నలయ్యాయి.

యారాడ_గాలి
ఓడలకీ విమానాలకీ అదే కొలత. వేగం కూడా నాట్లలోనే చెప్తారు, నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు.

అనకాపల్లి_బెల్లం
గాల్లో నాట్లేంటి గురూ, వరి నాట్లా?

సిక్కోలు_చిన్నోడు
రోడ్డు 620 ఎందుకంటే అది రాజమండ్రి, విజయవాడ తిరిగి పోతుంది. విమానానికి గోదావరి బ్రిడ్జితో పనేముంది, నేరుగా గీత గీసినట్టు పోతుంది.

ఉక్కు_మాస్టారు
నేరుగా గీత గీసినట్టు పోతుందన్న మాట దగ్గరే అందరూ పొరబడేది. ఆ 511 మ్యాపు మీద రెండు చుక్కల మధ్య దూరం. విమానానికి ఆ గోల తెలియదు, దానికి ఇచ్చిన దారిలో పోతుంది, ఎటు దిగమంటే అటు తిరిగి దిగుతుంది.
ముందు అసలు సంగతి. టికెట్ మీద వేసేది ఎగిరే సమయం కాదు. చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అక్కడ ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. నాకు కిటికీ పక్కన కూర్చుని వాచీ చూసి రాసుకునే పిచ్చి ఉంది, మా ఆవిడ పక్క సీట్లో తల పట్టుకుంటుంది. పోయిన జనవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు రాసుకున్నది ఇది: 6:12కి కదిలింది, 6:23కి నేల విడిచింది, 7:20కి శంషాబాద్‌లో నేల తాకింది, 7:29కి ఆగింది. గాల్లో 57 నిమిషాలు, నేల మీద 20. మొత్తం 77. టికెట్ మీద 85.

ఇంజిన్_పక్క_సీటు
ఆ ఎనిమిది నిమిషాలు చూశారా, అదే వాళ్ల తెలివి. ముందే ఎక్కువ వేసుకుంటారు. తర్వాత "అనుకున్న సమయం కంటే ముందే చేరుకున్నాం" అని మైకులో గొప్ప. పైగా ఈ రంగంలో పావుగంట లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కే వేయరు.

ఉక్కు_మాస్టారు
తెలివి ఒక్కటే కాదులే. ఒకే విమానం పొద్దున్నుంచి రాత్రి దాకా ఐదారు ట్రిప్పులు కొడుతుంది. మొదటి ట్రిప్పులో పది నిమిషాలు జారితే రాత్రి ట్రిప్పుకి గంట అవుతుంది. ఆ మాత్రం చేతిలో ఉంచుకోకపోతే మనమే తిడతాం.

లెక్కల_లక్ష్మి
కిట్టు గారి 40 నిమిషాల లెక్కలో తప్పు ఎక్కడుందంటే, 800 అనేది మధ్యలో పైన ఉన్నప్పటి వేగం. పది వేల అడుగుల కింద మామూలుగా 250 నాట్లు దాటరు. అంటే గంటకి 460 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఎక్కడానికి ఒక పావుగంట పైన, దిగడానికి ఇరవై నిమిషాల పైన పోతే హైదరాబాద్ ట్రిప్పులో పూర్తి వేగంతో పోయేది ఓ పావుగంట. టీ కప్పు చేతికొచ్చేసరికి సీటు బెల్టు పెట్టుకోమంటారు.
నేను వాడే మోటు లెక్క ఒకటుంది. కిలోమీటర్లని 800తో భాగించండి, దానికి ఓ 40 నిమిషాలు కలపండి. హైదరాబాద్ 511: 38 + 40 = 78 నిమిషాలు. చెన్నై 620 లోపు: గంటా పాతిక. బెంగళూరు 775: గంటా నలభై. ముంబై 1,100: రెండు గంటల పైన. ఢిల్లీ 1,360: రెండు గంటల ఇరవై. టికెట్లతో పోల్చి చూడండి, అయిదు పది నిమిషాల తేడాతో సరిపోతుంది.
ఆ 40 నిమిషాలు ఎక్కడికి వెళ్లినా కట్టాల్సిన కప్పం. అందుకే దగ్గరి ఊరికి విమానం నత్తలా కనిపిస్తుంది. విజయవాడకి 290 కిలోమీటర్లే, అయినా గంట.

బీచ్‌రోడ్_బాబాయ్
అమ్మా లక్ష్మీ, నీ లెక్క సింగపూర్ దగ్గర ఫెయిలు. మా పెద్దోడు టికెట్ పంపాడు. రాత్రి 11కి ఎక్కితే పొద్దున్న 5:40కి దిగుతాం. అంటే 6:40 గంటలు. తిరిగొచ్చేటప్పుడు రాత్రి 9కి ఎక్కితే 10:40కి వైజాగ్. గంటా నలభై! సింగపూర్ బెంగళూరంత దగ్గరైపోయింది.

లెక్కల_లక్ష్మి
బాబాయ్ గారూ, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. 6:40లో రెండున్నర తీసేయండి, 1:40కి రెండున్నర కలపండి.

బీచ్‌రోడ్_బాబాయ్
రెండూ 4:10 వచ్చాయి. దూరం?

లెక్కల_లక్ష్మి
2,900 పైచిలుకు. మోటు లెక్కకి 4:18 వస్తుంది. ఫెయిలు అన్నారు, మార్కులు వెనక్కి ఇచ్చేయండి.

బీచ్‌రోడ్_బాబాయ్
ఇచ్చా. మీ పిన్ని మాత్రం గంటా నలభై అనే నమ్ముతోంది, అందుకే వస్తానంది. ఎక్కేదాకా చెప్పను.

యారాడ_గాలి
ఇన్ని పోస్టులయ్యాయి, అసలు అడిగింది అలాగే ఉండిపోయింది. వెళ్లడానికీ రావడానికీ తేడా ఎందుకు? నా పేరులోనే ఉంది జవాబు.
చలికాలంలో మన మీద పై ఎత్తుల్లో గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. హైదరాబాద్ మనకి దాదాపు నేరుగా పడమర. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. గాలి గంటకి 80 కిలోమీటర్లు ఉందనుకోండి, 500 కిలోమీటర్ల ప్రయాణంలో పోనురాను తేడా ఏడెనిమిది నిమిషాలు వస్తుంది. వానాకాలంలో బాగా పైన గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకి పోతుంది, అప్పుడు లెక్క కొంచెం తారుమారు.
రెండో కారణం శంషాబాద్ రన్‌వే. అది తూర్పు పడమరలుగా ఉంటుంది. విమానం మామూలుగా ఎదురుగాలికే దిగుతుంది. చలికాలంలో నేల దగ్గర గాలి ఎక్కువగా తూర్పు నుంచి వస్తుంది కాబట్టి తూర్పు ముఖంగా దిగాలి. మనం వచ్చేదే తూర్పు నుంచి! అంటే ఎయిర్‌పోర్టు దాటి పడమరకి పోయి, వెనక్కి తిరిగి దిగాలి. ఇంటి ముందు నుంచి పోయి వీధి చివర మలుపు తిరిగొచ్చినట్టు. అక్కడ ఇంకో అయిదారు నిమిషాలు. నాన్నగారి పావుగంటని తిన్నది గాలే.

గాజువాక_కుర్రోడు
వినడానికి బాగుంది కానీ నాకెప్పుడూ వచ్చేటప్పుడే ఎక్కువ పడుతుంది. కిందకి చూస్తే మా షీలానగర్ కనిపిస్తుంది, హమ్మయ్య వచ్చేశాం అనుకుంటే విమానం ఆగకుండా ఊరు దాటి సముద్రం మీదకి పోతుంది. బస్సులో స్టాపు దాటిపోయినట్టు టెన్షన్. ఓడలు చూపించి, ఒక చుట్టు తిప్పి అప్పుడు తెచ్చి దింపుతాడు.

ఉక్కు_మాస్టారు
మన రన్‌వే కూడా తూర్పు పడమరలే. సముద్రం వైపు నుంచి పడమర ముఖంగా దిగితే దాన్ని 28 అంటారు, దిక్సూచిలో 280 డిగ్రీలన్నమాట. అవతలి కొస 10. కనబడనప్పుడు దారి చూపించే ఐఎల్ఎస్ పరికరం ఉన్నది 28 వైపు. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం చాలాసార్లు సముద్రం దాకా పోయి వెనక్కి తిరుగుతుంది. చుట్టూ చూడండి, ఒకవైపు సింహాచలం కొండలు, ఒకవైపు యారాడ కొండ. ఇష్టమొచ్చిన చోట మలుపు తిరగడానికి లేదు.

గాజువాక_కుర్రోడు
అయితే యారాడ_గాలి గారి లెక్కలో శంషాబాద్ చుట్టు కలిపారు, మన చుట్టు కలపలేదు. రెండూ కొట్టేసుకుంటాయి కదా?

యారాడ_గాలి
కొంత కొట్టేసుకుంటాయి, ఒప్పుకుంటా. అయినా టికెట్ మీద 1:25, 1:10 అన్నవి మీరు ఎక్కే ఆ ఒక్క రోజు గాలి చూసి వేసినవి కావు. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం ముందు రోజు దాకా చలికాలం టైమ్ టేబుల్, తర్వాత వేసవిది. అయిదు నెలలకి కలిపి సగటున ఒక అంకె వేస్తారు. శంషాబాద్‌లో రద్దీ ఎక్కువ, దిగడానికి వరుసలో ఆగాలి, దిగాక కూడా గేటు దాకా చాలా దూరం దొర్లాలి. మనది చిన్న ఎయిర్‌పోర్టు, దిగితే నాలుగు నిమిషాల్లో ఆగుతుంది. అదీ కలపండి.

ఇంజిన్_పక్క_సీటు
ఇంకా ఎవరూ అనని మాట ఒకటి: మనది నేవీ రన్‌వే. ఐఎన్ఎస్ డేగా అనే నేవీ విమాన స్థావరం వాళ్లది, మనం అద్దెకున్నట్టు.

మధురవాడ_మేడమ్
గాల్లో నిమిషాల గురించి ఇంత చర్చ. నాకు ఇంటి నుంచి ఇంటికి ఎంతో చెప్పండి. మధురవాడ నుంచి ఎయిర్‌పోర్టుకి, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ రద్దీతో కలిపి గంట. గంటన్నర ముందు లోపల ఉండాలి. గాల్లో, నేల మీద గంటా పాతిక. బ్యాగు కోసం బెల్టు దగ్గర ఇరవై నిమిషాలు. శంషాబాద్ నుంచి మా తమ్ముడి ఇల్లు మియాపూర్‌కి గంట పైన. ఐదుంబావు గంటలు దాటింది. వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్‌లో దించుతుంది. మూడు గంటల తేడాకి మూడింతల డబ్బు.

బీచ్‌రోడ్_బాబాయ్
గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండగా ఇవన్నీ ఎందుకమ్మా. సాయంత్రం ఎక్కి పడుకుంటే పొద్దున్న హైదరాబాద్. నిద్రలో గడిచింది ప్రయాణం కింద రాదు.

ఇంజిన్_పక్క_సీటు
మీ పక్క బెర్తులో గురక పెట్టేవాడు లేకపోతేనే బాబాయ్.

అనకాపల్లి_బెల్లం
విమానాలన్నీ భోగాపురంలోని కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే మేడమ్ గారికి పండగే, మధురవాడ నుంచి హైవే ఎక్కితే నేరుగా పోవచ్చు. మా గతి చూడండి. అనకాపల్లి నుంచి ఇప్పటి ఎయిర్‌పోర్టుకి ముప్పై కిలోమీటర్ల లోపు. భోగాపురమైతే వైజాగ్ మొత్తం దాటుకుని ఎనభై దాకా. గంటా పాతిక ఫ్లైటుకి రెండు గంటలు కారులో.

సిక్కోలు_చిన్నోడు
ఇన్నేళ్లూ మేం శ్రీకాకుళం నుంచి నూట పదిహేను కిలోమీటర్లు వస్తే ఎవడూ అడగలేదు. ఇప్పుడు మాకు సగానికి సగం తగ్గుతుంటే అందరికీ కడుపు నొప్పి. మేం బేగి వెళ్లకూడదేటి?

గాజువాక_కుర్రోడు
వెళ్లండి బావా, ఎవరు కాదన్నారు. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు ఉండేది, ఆ బాధ మాది.

లెక్కల_లక్ష్మి
సరదాకి కొలిచాను. భోగాపురం నుంచి శంషాబాద్ నేరుగా 540 పైన వస్తుంది, ఇప్పటికన్నా ముప్పై కిలోమీటర్లు ఎక్కువ. గాల్లో రెండు మూడు నిమిషాలు. కొట్లాట అంతా రోడ్డు మీదే, ఆకాశంలో ఏమీ మారదు. కొత్త రన్‌వే కాబట్టి సముద్రం చుట్టు తగ్గినా తగ్గొచ్చు.

షిఫ్టు_బి
ఈ నిమిషాలు తేలిగ్గా తీసుకోకండి. నేను హైదరాబాద్‌లో మారి దోహా పోవాలి. తక్కువకి వస్తోందని రెండు వేర్వేరు కంపెనీల టికెట్లు విడివిడిగా కొన్నా. కాగితం మీద మధ్యలో రెండు గంటలు. వైజాగ్‌లో మంచు పట్టి గంట ఆలస్యం, శంషాబాద్ మీద చుట్లు, బ్యాగు బయటికి తీసుకుని మళ్లీ కౌంటరుకి వెళ్లాలి. అంతర్జాతీయ కౌంటరు గంట ముందే మూసేస్తారు. నేను వెళ్లేసరికి లైట్లు ఆపేస్తున్నారు. రెండో కంపెనీ వాడు "మీ మొదటి ఫ్లైటుతో మాకు సంబంధం లేదు" అన్నాడు, ఆ మాట నిజమే కూడా. కంపెనీల పేర్లు ఎందుకులే. ఒకే పీఎన్ఆర్ మీద కొని ఉంటే తర్వాతి ఫ్లైటు వాళ్లే చూడాల్సింది. నెల జీతం పోయింది.

మధురవాడ_మేడమ్
అయ్యో. డిసెంబరు, జనవరిలో పొద్దున ఫ్లైటు అసలు నమ్మకూడదు. మా ఆడపడుచు చెన్నైలో ఉంటుంది, అక్కడ భోగి రోజు పొగకే విమానాలు ఆగిపోతాయట.

ఉక్కు_మాస్టారు
అవును, చెన్నైలో భోగి పొగ పేపర్లలో వచ్చింది. మనకి పొగమంచు చాలు. హుద్‌హుద్ తుపాను అప్పుడైతే, 2014 అక్టోబరు 12, ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయింది. ఆ వారం మా అల్లుడు భువనేశ్వర్‌లో దిగి రోడ్డు మీద వచ్చాడు. ఆ లెక్క ఏ టికెట్ మీదా ఉండదు.

కంచరపాలెం_కిట్టు
ఇప్పటిదాకా వచ్చినవన్నీ నాన్నకి చదివి వినిపించా. నాటికల్ మైలు దగ్గర తలూపారు. గాలి దగ్గర "మాకు ఓడలకీ ఇంతే" అన్నారు. చెక్క దిమ్మల దగ్గర నవ్వారు. షిఫ్టు_బి గారి సంగతి విని మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "ఇంతకీ పైనుంచి పోర్టు కనిపిస్తుందా?"

ఉక్కు_మాస్టారు
సముద్రం వైపు లేస్తే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కుడివైపు కిటికీ తీసుకోండి, ఎఫ్ సీటు. లేచిన నిమిషంలోనే కింద పోర్టు, ఆ వెనక యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్. వచ్చేటప్పుడు సముద్రం వైపు నుంచి దిగితే ఎడమవైపు, ఏ సీటు. కొండవైపు లేస్తే మాత్రం మేఘాద్రిగెడ్డ జలాశయంతో సరిపెట్టుకోవాలి. రెక్క మీద సీటు వద్దు, ఏమీ కనపడదు. ఫోటోలు తీయనివ్వకండి, నేవీ వాళ్ల స్థలం.

గాజువాక_కుర్రోడు
మీ నాన్నగారికి సముద్రం చుట్టు మీద ఫిర్యాదు ఉండదు చూడండి. నేను తిట్టుకునే ఆ చుట్టే ఆయనకి కావాలి.

ఇంజిన్_పక్క_సీటు
ఆవకాయ చేతి బ్యాగులో పెట్టకండి, చెక్-ఇన్ సామానులో వేయండి. మా అత్తగారి జాడీ సెక్యూరిటీ దగ్గరే ఉండిపోయింది.

అనకాపల్లి_బెల్లం
బెల్లం పెట్టొచ్చు. నేను ప్రతిసారీ తీసుకెళ్తా.

కంచరపాలెం_కిట్టు
పోనురాను రెండు సీట్లకీ డబ్బు కట్టి మార్చేశా. వెళ్లేటప్పుడు ఎఫ్, వచ్చేటప్పుడు ఏ. రసీదు చూసి "సీటుకి వేరే డబ్బా?" అని మొదలుపెట్టారు, పోర్టు వైపని చెప్తే ఆగారు. ఫ్లైటు ఉదయం 9:50కి. ఆరింటికే బయల్దేరదాం అంటున్నారు. కంచరపాలెం నుంచి!

మధురవాడ_మేడమ్
కంచరపాలెం నుంచి ఆరింటికా? ఎయిర్‌పోర్టులో టిఫిన్ రేట్లు తెలుసా ఆయనకి? ఇంట్లోనే ఇడ్లీ పెట్టి ఏడున్నరకి పంపండి.

కంచరపాలెం_కిట్టు
చెప్పా. ఏడుంబావు దగ్గర రాజీ కుదిరింది. మళ్లీ పావుగంటే.